సమస్యాపూరణం: ‘చమురు పోయఁగ దీపము సమసిపోయె’

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పాదం. ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం తొలి అక్షరంతో యతి (పాదం తొలి అక్షరానికి దానితో మైత్రి), కాకుంటే ప్రాసయతి (ఆ రెండింటి తర్వాతి అక్షరాలు కలవడం). విషయం 1953లో అమెరికా, బ్రిటన్‌ల కుట్రతో ఇరాన్‌లో ప్రధాని మొసద్దిక్ ప్రభుత్వం కూలడం. వత్తి నూనెలో మునిగి ఆరిపోయిందనే పాత పూరణలు వద్దు.

మొదటి పూరణ

ప్రజలు వెలిగించుకొన్నట్టి ప్రభుత నార్ప
డాలరుల మూట విప్పిరి వేలు వేలు
షాహు ఫర్మాను చేఁబూని జాహెదీయు
చమురు పోయఁగ దీపము సమసిపోయె

నిర్వాహకుడు: బాగుంది. డాలరులకు, వేలుకు ప్రాసయతి కుదిరింది. ఫర్మానా (ఇరాన్ రాజు షా ఇచ్చే ఉత్తర్వు) ప్రస్తావన సరైన చోట పడింది. ఆగస్టు 15 రాత్రి మొసద్దిక్ తొలగింపు ఫర్మానా పట్టుకెళ్ళిన కర్నల్ నసీరీ అరెస్టయ్యాడు. షా బాగ్దాదుకు, అక్కణ్ణుంచి రోముకు పారిపోయాడు. జనరల్ జాహెదీని ప్రధానిగా నియమించిన ఫర్మానా నకళ్ళు పత్రికలకు పంచి, 19న గుంపులూ టాంకులూ వీధిలోకి వచ్చాకే కథ తిరిగింది. అయితే డబ్బొక్కటే పని చేసినట్టు చెప్పారు. మతపెద్ద కాషానీ అప్పటికే మొసద్దిక్‌కు దూరమయ్యాడు, సైన్యంలో షా మనుషులున్నారు. ఇంటిదొంగలకు ఒక్క పాదమైనా ఇవ్వాల్సింది.

రెండో పూరణ

కమ్యునిస్టుల బూచిని కన్ను లెదుట
నిలిపి వాషింగుటనుఁ జేర్చె లండనపుడు
లండ నాశించెఁ జమురుపై లాభ మకట
చమురు పోయఁగ దీపము సమసిపోయె

నిర్వాహకుడు: భావంలో ఇదే ముందుంది. తగాదా అసలు కంపెనీది. 1951లో మజ్లిస్ (ఇరాన్ పార్లమెంటు) చమురును జాతీయం చేసింది. నష్టపోయిన ఆంగ్లో-ఇరానియన్ కంపెనీలో సగానికి పైగా వాటా బ్రిటిష్ ప్రభుత్వానిదే. 1952 అక్టోబరులో ఇరాన్ దౌత్య సంబంధాలు తెంచుకోవడంతో టెహ్రాన్‌లో బ్రిటన్‌కు రాయబార కార్యాలయం లేకుండా పోయింది. కంపెనీ లాభం కోసం రమ్మని బ్రిటన్ అంటే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ కదల్లేదు. 1953 జనవరిలో ఐసెన్‌హోవర్ అధ్యక్షుడయ్యాక తూదే (ఇరాన్ కమ్యూనిస్టు) పార్టీని చూపించి, ఇరాన్ సోవియట్ల చేతికి పోతుందంటే పని జరిగింది. సిద్ధాంతం ఇక్కడ బేరానికి పైమెరుగు.

ఛందస్సులో రెండో పాదం చూడండి: నిలిపి | వాషింగు | టనుఁ జేర్చె | లండ | నపుడు. గణాలు సరే, ‘ని’కి ‘లం’ యతి చెల్లదు. ప్రాసయతీ లేదు. పైగా లండన్ రెండుసార్లు వచ్చింది. ‘నిలిపి వాషింగుటనుఁ జేర్చె నేర్పు మెఱయ’ అంటే రెండూ తీరతాయి, కర్త మూడో పాదంలో ఎలాగూ ఉన్నాడు.

మూడో పూరణ

నలుబ దాంగ్లేయులకు వాట, నలుబ దవల
అమెరికా కంపెనీలకు, నారు ఫ్రాన్సు,
షెల్లు పదునాల్గు పాళ్లనుఁ జేతఁబట్ట
చమురు పోయఁగ దీపము సమసిపోయె

నిర్వాహకుడు: 1954లో ఇరాన్ చమురును పంచుకున్న కంపెనీల కూటమి (కన్సార్షియం) లెక్క నూటికి నూరూ పద్యంలో పట్టింది, భేష్! కానీ మీరు ‘చమురు చేజారగా’ అన్న అర్థం తీసుకున్నట్టున్నారు. దానికి ‘పోఁగ’ కావాలి. పైగా చమురు లేకపోతే దీపం ఆరడంలో వింతేముంది? సమస్యే తేలిపోయింది.

ఒక సభ్యుడు: గురువుగారూ, ‘ఆరు ఫ్రాన్సు’లో ‘రు’ గురువు కాదా?

నిర్వాహకుడు: కాదండీ. అది సమాసం కాదు, తెలుగు పదం పక్కన విడిగా ఉన్న అన్యదేశ్యం. లఘువుగానే చెల్లుతుంది.