సొంత గ్రూపు లేని రోశయ్య గారు సీఎం ఎలా అయ్యారు?

గ్రూప్2_కుస్తీ:
ఎగ్జామ్‌కి చదువుతుంటే డౌట్ వచ్చింది. కొణిజేటి రోశయ్య గారు 1968లోనే ఎమ్మెల్సీ, 1979లో చెన్నారెడ్డి కేబినెట్‌లో మంత్రి, అక్కడ్నుంచి వైఎస్ దాకా చాలామంది సీఎంల దగ్గర చేశారు. కానీ వెనకాల పట్టుమని పదిమంది ఎమ్మెల్యేలు లేరంటారు. మరి 2009లో సీఎం ఎలా అయ్యారు?

పాతపేపర్:
లేరు కాబట్టే అయ్యారు తమ్ముడూ. సెప్టెంబర్ 2న వైఎస్ హెలికాప్టర్ కూలిపోయింది, ఎమ్మెల్యేలు చాలామంది జగన్‌ని చెయ్యాలని సంతకాలు పెట్టేశారు, ఢిల్లీ వాళ్ళకేమో టైం కావాలి. ఎవరికీ పోటీకి రాని పెద్దమనిషి, రేపు దిగమంటే మారుమాట్లాడకుండా దిగేవాడు ఎవరున్నారని చూస్తే ఈయనే కనిపించారు. అప్పటికి ఎమ్మెల్యే కూడా కాదు, ఎమ్మెల్సీ.

చీరాల_చిన్నోడు:
అలాగని జనం ఓట్లు వెయ్యలేదనుకోకండి, 1989లో, 2004లో మా చీరాల నుంచే గెలిచారు, 1998లో నరసరావుపేట ఎంపీ. కాకపోతే ఆయన అసలు బలం మండలి. పంచెకట్టుతో లేచి, గొంతు పెంచకుండా నవ్వుతూనే చురక అంటించేవారు. 1983లో ఎన్టీఆర్ వచ్చాక అసెంబ్లీలో తిరుగులేదు గానీ మండలిలో ఇంకా కాంగ్రెస్ వాళ్ళదే మెజారిటీ, ఈయన నోటికి తట్టుకోలేకే 1985లో మండలినే ఎత్తేశారని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు (అదొక్కటే కారణం కాదులెండి, దండగ ఖర్చు అని కూడా అన్నారు). వైఎస్ హయాంలో 2007లో మళ్ళీ వచ్చింది.

గ్రూప్2_కుస్తీ:
మరి ఏడాదిన్నర కూడా ఎందుకు ఉండలేదు?

పాతపేపర్:
ఊపిరి తీసుకోనిచ్చారా అసలు? వచ్చిన నెలకే కర్నూలు మునిగింది. నవంబర్ 29న ప్రత్యేక తెలంగాణ కోసం కేసీఆర్ దీక్ష, డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన, తెల్లారేసరికి అటు ఆంధ్రా, సీమ ఎమ్మెల్యేల రాజీనామాలు, ఆ తర్వాత జగన్ ఓదార్పు యాత్ర గొడవ. ఉచిత కరెంటు, ఆరోగ్యశ్రీ లాంటి వాటన్నిటికీ ఆర్థికమంత్రిగా డబ్బు సర్దిన మనిషి, లెక్కల్లో ఆయన్ని పట్టుకునేవాడు లేడు, కానీ సొంత పార్టీ వాళ్ళని అదుపులో పెట్టాలంటే వెనక మంది ఉండాలిగా. 2010 నవంబర్ 24న పని ఒత్తిడి అని చెప్పి రాజీనామా ఇచ్చేశారు, మర్నాడే కిరణ్ కుమార్ రెడ్డి ప్రమాణం. తర్వాత 2011 నుంచి 2016 దాకా తమిళనాడు గవర్నర్. 2021 డిసెంబర్‌లో చనిపోయారు.

గ్రూప్2_కుస్తీ:
థాంక్స్ అన్నా. మండలి పెట్టింది 1958లోనే కదా?

చీరాల_చిన్నోడు:
అవును, జూలై 1. బిట్‌గా మూడూ అడుగుతారు, 1958, 1985, 2007.