పాత పీహెచ్‌పీ సైటు మారుస్తుంటే తెలుగు పేర్లు పాడవుతున్నాయి. తోక తెగిన వరుసలు ఎలా సరిచేయాలి?

పీహెచ్‌పీ 5.6, మైఎస్‌క్యూఎల్ 5.5 మీద నడిచే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని పీహెచ్‌పీ 8, మైఎస్‌క్యూఎల్ 8కి మార్చాలి. పాత కోడ్ అంతా డేటాబేస్‌కి కలిపే పాత ఫంక్షన్ మైఎస్‌క్యూఎల్_కనెక్టే. అది పీహెచ్‌పీ 7లోనే పోయింది కాబట్టి మైఎస్‌క్యూఎల్‌ఐ రాశాం, అదేమంత పెద్ద పని కాదు.

తంటా డేటాతోనే. పేర్ల కాలమ్ లాటిన్1 (ఒక్కో అక్షరానికి ఒకే బైటు ఉండే పాత ఎన్‌కోడింగ్), లోపలున్నవి మాత్రం యూటీఎఫ్-8 బైట్లు. పాత కనెక్షన్ కూడా లాటిన్1 కావడంతో ఇన్నాళ్లూ బాగానే కనిపించింది. కొత్త కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 (మైఎస్‌క్యూఎల్‌లో పూర్తి యూటీఎఫ్-8) కాగానే అన్నీ పిచ్చి గుర్తులే. 'కన్వర్ట్ టు క్యారెక్టర్ సెట్' వాడితే ఆ పిచ్చి గుర్తులే ఖాయమైపోతాయి. అందుకే కాపీ టేబుల్‌లో వార్‌చార్(100)ని ముందు వార్‌బైనరీ(100)కి (ఎన్‌కోడింగ్ లేని ఉత్త బైట్లు), తర్వాత యూటీఎఫ్8ఎంబీ4కి మార్చాం.

రెండో మెట్టులో 1366 ఎర్రర్ (బైట్లు చెల్లని అక్షరాలని). తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్‌కి (యూనికోడ్ గుర్తుకి) 3 బైట్లు, అంటే 100 బైట్లలో 33 పట్టి ఒక బైటు మిగులుతుంది. పొడవాటి పేర్లు అక్కడే తెగాయి.

బైట్ల పొడవు సరిగ్గా 100 ఉన్న వరుసల్ని వెతికితే అనుమానితులు దొరుకుతున్నారు. చివరి ఒకటి రెండు బైట్లు కోయడం ఎస్‌క్యూఎల్‌లోనే చేయవచ్చా, లేక స్క్రిప్ట్ మేలా? కోశాక చివర పొల్లు మిగిలితే దాన్నీ తీసేయాలా? చెల్లని డేటాని అడ్డుకునే స్ట్రిక్ట్ మోడ్ ఆపేయమనే సలహా మాత్రం వద్దండీ.