బ్లూగ్రాస్ (బాంజో, ఫిడేలుతో సాగే అమెరికన్ జానపద బాణీ సంగీతం) వింటూ సాక్సులు అల్లేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మేం ఉండేది నార్త్ కరోలినాలో, రాలీ దగ్గర. ఏప్రిల్ చివర్లో విల్క్స్‌బరోలో జరిగే మెర్ల్‌ఫెస్ట్‌కి వెళ్దామనుకుంటున్నాం. గిటార్ వాద్యకారుడు, గాయకుడు డాక్ వాట్సన్ కొడుకు మెర్ల్ జ్ఞాపకార్థం 1988లో మొదలైన సంగీతోత్సవం అది. రోజంతా ఆరుబయట కూర్చుని వినొచ్చు, చేతిలో ఊలు ఉంటే ఇంకేం కావాలి!

చిక్కల్లా వేగంతోనే. ఫిడేలు నెమ్మదిగా సాగినంతసేపు బాగానే ఉంటుంది. ఎర్ల్ స్క్రగ్స్ బాణీలో మూడు వేళ్ళ బాంజో అందుకుందంటే నా చేతులూ పరుగెడతాయి, అల్లిక బిగుసుకుపోతుంది. 2.25 మి.మీ. సూదులు, 64 కుట్లు. అయినా సాక్సు మడమ దాటి పైకి రానంటుంది. పైగా పొట్టి సూది ఒకటి గడ్డిలో జారితే చీకట్లో దొరకదు. వైరుతో కలిపిన పొడవాటి జంట సూదులకి మారితే బిగువు సమంగా వస్తుందా?

ఇంకోటి. రాట్నం అంతదూరం మోయలేను, తకిలీ పట్టుకెళ్తా. పొట్టి కుర్చీలో కూర్చునే వడకొచ్చా, నిలబడాల్సిందేనా? నిలబడితే వెనకవాళ్ళు ఊరుకోరు కదా. సాక్సులకి రెండు పోగులు పేనితే ఆగుతుందా, మూడు కావాలా? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.