‘లాభం లేదు’: గోడో నాటకంలో మొదటి మాటకు తెలుగు

నిన్న ఇక్కడ ఒకరు అడిగారు: సామ్యూల్ బెకెట్ రాసిన ‘గోడో కోసం ఎదురుచూస్తూ’ నాటకంలో మొదటి మాటను ‘చేయగలిగినది ఏమీ లేదు’ అంటే సరిపోతుందా అని. రాత్రి పడుకున్నాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు. కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సందర్భం చూద్దాం. ఎస్ట్రగాన్, వ్లదిమీర్ అనే ఇద్దరు గోడో అనే ఒకాయన కోసం ఎదురుచూస్తుంటారు, ఆయన ఎప్పటికీ రాడు. ఊరి బయట దారి, ఒక చెట్టు, సాయంత్రం. ఎస్ట్రగాన్ కింద కూర్చుని రెండు చేతులతో బూటు లాగుతున్నాడు. అది ఊడి రాదు. అలసిపోయి ఆగుతాడు, మళ్ళీ లాగుతాడు. చివరికి ‘రియాఁ నా ఫేర్’ అంటాడు, ఫ్రెంచిలో ‘చేసేదేమీ లేదు’ అని. బెకెట్ ఐర్లండువాడే అయినా ఈ నాటకాన్ని ముందు ఫ్రెంచిలోనే రాశాడు. 1952లో అచ్చయింది, 1953 జనవరి 5న పారిస్‌లోని బాబిలోన్ థియేటర్లో మొదటిసారి ఆడారు. ఇంగ్లీషులోకి ఆయనే మార్చుకున్నాడు. బూటు గురించి అన్న ఆ మాటను, అప్పుడే వచ్చిన వ్లదిమీర్ బతుకు గురించి అన్నట్టుగా అందుకుంటాడు. తనకూ అలాగే అనిపించడం మొదలైందంటాడు. అందుకని మనం ఎంచుకునే తెలుగు మాట బూటుకీ అతకాలి, బతుకుకీ అతకాలి.

బూటుతో కుస్తీ పడుతున్న మనిషి ‘చేయగలిగినది ఏమీ లేదు’ అనడు. అది ఆఫీసు ఉత్తరంలో రాసే వాక్యం. మూత రాని సీసాతోనో, తాళం పడని తలుపుతోనో విసిగిపోయినప్పుడు మన ఇళ్ళలో ఏమంటాం? ‘ఇక లాభం లేదు.’ అదే మాటను ఆసుపత్రి వరండాలో డాక్టరు గొంతు తగ్గించి అంటే ఇంటిల్లిపాదికీ కాళ్ళు ఆడవు. మా నాయనమ్మ ఆఖరి రోజుల్లో ఆ మాట విన్నాం. ఆ వారంలోనే వెలగని స్టవ్వు ముందు కూర్చుని మా అమ్మ కూడా అదే మాట అంది. అప్పుడు మేమెవరం దాన్ని గమనించలేదు. ఈ ప్రశ్న చదివాక గుర్తొచ్చింది.

లాభం అంటే వ్యాపారం కదా, డబ్బు వాసన వస్తుంది కదా అని ఎవరైనా అనొచ్చు. కానీ ఆ మాట పుట్టిన ధాతువుకు అర్థం పొందడం. లభించేది లేదు, చేతికి దొరికేది లేదు అని. ఎప్పటికీ దొరకని ఒకాయన కోసం ఇద్దరు ఎదురుచూసే నాటకానికి ఇంతకంటే దగ్గరి మాట నాకు తోచలేదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. ఈ మాట నాటకంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. వ్లదిమీర్ తన టోపీ దులిపి చూసుకుని అదే అంటాడు. తర్వాత క్యారెట్ తినే చోట, ఎంత పెనుగులాడినా ప్రయోజనం లేదనే మాటల వెంటనే మళ్ళీ వస్తుంది. అక్కడ ‘పెనుగులాడి లాభం లేదు’ అని రాస్తే పల్లవి దెబ్బతింటుంది. నేనైతే ‘పెనుగులాడినా ఒకటే’ అని రాసి, ‘లాభం లేదు’ను పల్లవికే దాచి ఉంచుతాను.

ఇదే చర్చలో ఇంకొకరు ఈ నాటకాన్ని ‘నిరాశా నిస్పృహల నాటకం’ అన్నారు. ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తాను. నిరాశ అంటే ఆశ పోవడం. వీళ్ళకు ఆశ పోతే చెట్టు వదిలి ఎటైనా నడిచిపోయేవాళ్ళు. పోనిదే ఆశ, కదలనివ్వనిదే ఆశ. ఉరి వేసుకోవడం కూడా రేపటికి వాయిదా, గోడో రాకపోతేనే. వస్తే? బయటపడతాం అంటాడు వ్లదిమీర్. ఇక నిస్పృహ సంగతి ఇంకా విచిత్రం. స్పృహ అంటే సంస్కృతంలో కోరిక. గీత రెండో అధ్యాయంలో నిస్పృహుడంటే కోరికలన్నీ విడిచి తిరిగేవాడు, శాంతి పొందేవాడు. తెలుగులోకి వచ్చేసరికి ఆ మాట కుంగుబాటు అయిపోయింది. గీత అర్థంలో చూస్తే ఈ ఇద్దరికీ లేనిది నిస్పృహే! ఇంగ్లీషు ప్రతిలో వ్లదిమీర్ బైబిల్ సామెతల వాక్యం ఒకటి గుర్తు తెచ్చుకోబోయి, ‘హృదయం’ అనే మాట గుర్తురాక ‘ఏదో’ అంటాడు. మన తెలుగు బైబిల్లో అది ‘కోరిక సఫలము కాకుండుటచేత హృదయము నొచ్చును’. అక్కడా కోరికే ఉంది. ‘కోరిక సఫలము కాకుండుటచేత ఏదో నొచ్చును’ అని రంగస్థలం మీద వింటే ఎలా ఉంటుందో ఊహించండి.

‘అసంబద్ధ నాటకం’ అనే పేరు గురించి ఒక్క మాట. విమర్శకుడు మార్టిన్ ఎస్లిన్ 1960లో ఒక వ్యాసంలో ఈ ధోరణికి ‘అబ్సర్డ్’ నాటకం అని పేరు పెట్టాడు, మనవాళ్ళు అసంబద్ధం అన్నారు. కానీ తెలుగులో అసంబద్ధం అంటే తప్పంతా మాట్లాడేవాడిదే అన్నట్టు వినిపిస్తుంది. ఫ్రెంచి రచయిత కామూ 1942లో చెప్పిన ‘అబ్సర్డ్’ వేరు: మనిషి అర్థం అడుగుతాడు, లోకం పలకదు, ఆ రెండూ ఎదురుపడిన చోటే అది ఉంటుంది. మనకు ‘పొంతన’ అనే మాట ఉంది. ఒక్కదానికి పొంతన ఉండదు, ఎప్పుడూ రెండిటి మధ్యే. పొంతన లేమి అంటే నాకు సరిగ్గా వినిపిస్తుంది.

సాయంత్రం చేర్పు: చివరి మాటలను ఎలా అనాలని అడిగారు. రెండు అంకాలూ ఒకేలా ముగుస్తాయి, అడిగేవాడూ జవాబిచ్చేవాడూ మాత్రం తారుమారవుతారు. ‘పోదామా?’ ‘పోదాం పద.’ తర్వాత రంగ సూచన. దాన్ని ‘కదల్లేదు’ అని రాయకండి, అది జరిగి అయిపోయిన సంగతి. ‘కదలరు’ అని రాయండి. ఇప్పుడు కదలరు, రేపూ కదలరు, రోజూ కదలరు. ఈ మూడూ తెలుగులో ఒకే మాట.