నిజాం నగలు: హైదరాబాద్‌లో ఎప్పటికీ ఉండాలా, అప్పుడప్పుడు వచ్చిపోతే చాలా?

మూసీ ఒడ్డు:
మొన్న ఊరి నుంచి చుట్టాలొస్తే సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాను. బయటికొచ్చాక మా బావమరిది అడిగాడు, "నిజాం నగలేవి బావా?" అని. రిజర్వ్ బ్యాంకు లాకర్లో ఉన్నాయని చెప్పడానికి నాకే అదోలా అనిపించింది. తెలియనివాళ్ల కోసం: నిజాం ట్రస్టుల దగ్గర 173 నగలను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్లకు కొన్నది. 2001లో ఒకసారి, 2006లో ఒకసారి సాలార్‌జంగ్‌లో జనానికి చూపించారు. 2019లో ఢిల్లీలో పెట్టారు. ఎక్కువ కాలం తాళం వెనకే. ఆ నగల్లోని 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రం ఈ ఊరి చరిత్రలో భాగం. ఈ ఊళ్లో దానికి ఒక గది ఉండాలా వద్దా? ఉండాలనే నేనంటాను.

పురానాపూల్:
అన్నా, ఉండాలని అందరికీ ఉంటుంది. కాపలా ఎవరు కాస్తారు? 2018 సెప్టెంబరులో పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో బంగారు టిఫిన్ బాక్సు, కప్పు, సాసర్, చెంచా పోయాయి. దొరికాయనుకోండి. ఈలోగా దొంగల్లో ఒకడు ఆ బాక్సులోనే అన్నం తిన్నాడని పోలీసులు చెప్పారు!

ఇంకో మాట. 2006లో నేను క్యూలో నిలబడి మరీ ఆ నగలు చూశాను. నెలల్లో వెళ్లిపోతాయని తెలుసు కాబట్టే వెళ్లాను. సాలార్‌జంగ్‌లో గంట కొట్టే గడియారం ఎక్కడికీ పోదు. అందుకే చుట్టాలొస్తే తప్ప దాని ముఖం చూడను. మీరూ అంతే కదా, మీ పోస్టు మొదటి లైనే చెబుతోంది.

మూసీ ఒడ్డు:
దొరికిపోయాను, ఒప్పుకుంటున్నా. కానీ చుట్టాలొచ్చినప్పుడు చూపించడానికైనా ఉండాలి కదా భయ్యా. దొంగ పడ్డాడని బీరువా తీసుకెళ్లి పొరుగూరిలో పెట్టుకుంటామా?

పాత షోకేసు:
నేను ఒక చిన్న మ్యూజియంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఎప్పటికీ ఉంచాలా, కొన్నాళ్లా అన్నది మన ఇష్టాన్ని బట్టి కాదు, వస్తువును బట్టి ఉంటుంది. రాతి శిల్పాన్ని ఏళ్ల తరబడి ఉంచొచ్చు. బట్ట, కాగితం, నీటిరంగుల బొమ్మ అలా కాదు, వెలుగు వాటిని తినేస్తుంది. వాటికి 50 లక్స్ దాటి వెలుతురు పడకూడదంటారు, అంటే కాస్త మసక గదే. అలా ఉంచినా కొన్ని నెలలకోసారి తీసి చీకట్లో పెట్టాలి.

మా దగ్గర ఒక జరీ షేర్వానీ ఉండేది. దాని ఛాతీ మీద పేరు రాసిన చీటీ ఆనించి, పక్కనే ట్యూబులైటు వేసి ఏళ్ల తరబడి అలాగే వదిలేశారు. ఒకరోజు చీటీ మార్చాలని తీశాను. దాని కింద చీటీ అంత మేర బట్ట నిండు ఊదారంగులో ఉంది. మిగతా షేర్వానీ అంతా కడిగిన టీ గుడ్డలా ఉంది. అన్నేళ్లూ మేం జనానికి చూపించింది ఆ వెలిసిన రంగునే!

వజ్రానికి వెలుగుతో పేచీ లేదు. ముత్యాలు మాత్రం వేడికీ పొడిగాలికీ పాడవుతాయి. ఆ నగల్లో ఏడు పేటల ముత్యాల హారం ఉంది, సత్లడ అంటారు. కాబట్టి గది ఎప్పటికీ ఉండనివ్వండి, అందులో నగలు మాత్రం మారుతూ ఉండాలి. కాపలా కాసేదీ ఒక్క గదినే.

జగిత్యాల టీచరమ్మ:
మీ వజ్రాల గొడవలో తలదూరుస్తున్నాను, ఏమనుకోకండి. మా జిల్లాలోనే కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి రాజు సిముకుడి నాణేలు దొరికిన చోటు. మా స్కూలు పిల్లల్లో ఒక్కరూ ఆ నాణెం చూడలేదు. హైదరాబాద్‌కు టూరంటే ఒక్కొక్కరి దగ్గరా వందలు వసూలు చేయాలి, ఇవ్వలేని పిల్లలు ఆ రోజు బడికే రారు. ముంబైలో ఛత్రపతి శివాజీ మ్యూజియం వాళ్లు 2015 నుంచి బస్సులో మ్యూజియం తిప్పుతున్నారు. మనకెందుకు ఉండదు?

పురానాపూల్:
మేడమ్, అసలు నాణేలు బస్సులో తిప్పుతారా? నకళ్లే వేసుకొస్తారు. నకలు చూసి ఏం లాభం?

జగిత్యాల టీచరమ్మ:
అసలుది అద్దం వెనక గోరంత కనిపిస్తుంది. నకలైతే మా పిల్లల చేతికిస్తారు కదా. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే అడిగి చూడండి, ఏది కావాలంటారో.

మూసీ ఒడ్డు:
మేడమ్ మాటకు నేనూ ఓటేస్తాను. నాణేలకు బస్సు, నగలకు గది. రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే మాత్రం నేను గదే అంటాను, కోపగించుకోకండి.

పాత షోకేసు:
నేనైతే బస్సే అంటాను. నగలు చూడాలనుకుంటే మీ బావమరిది మళ్లీ టికెట్ కొనుక్కుని వస్తాడు. టీచరమ్మ గారూ, అర్జీ పెడితే నాకూ పంపండి, సంతకం చేస్తాను. మొదటి లైన్లోనే "బస్సు కావాలి" అని మాత్రం రాయకండి, ఆర్టీసీకి పంపేస్తారు.