ద్వీపాంతరవాసం అంటే సెల్యులార్ జైలేనా?

పాత పత్రికల్లో కనిపించే "యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష" అంటే అండమాన్‌లోని సెల్యులార్ జైల్లో వేయడమేనా అని ఒక సభ్యుడు అడిగారు. చాలామంది అవునన్నారు. నేను కాదంటాను.

మాటను విప్పి చూడండి. ద్వీపాంతరం అంటే మరొక ద్వీపం. సంకల్పంలో రోజూ "జంబూద్వీపే" అని చెప్పుకునేవాళ్లకు, ఆ ద్వీపం దాటించడమంటే ఉన్న లోకంలోంచి వెళ్లగొట్టడమే. అందులో జైలు ఊసే లేదు.

చరిత్రా అదే చెబుతుంది. 1858 మార్చిలో బ్రిటిష్ అధికారి జేమ్స్ ప్యాటిసన్ వాకర్ సుమారు 200 మంది ఖైదీలతో అండమాన్ దీవుల్లోని పోర్ట్ బ్లెయిర్‌లో దిగినప్పుడు అక్కడ అడవి తప్ప కట్టడమేదీ లేదు. ఆ అడవిని కొట్టిందీ ఖైదీలే. హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీపై 1857లో జరిగిన దాడికి తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి నాయకత్వం వహించిన మౌల్వీ అలావుద్దీన్‌ను పంపింది ఈ అండమాన్‌కే. గోడలు అక్కర్లేదు, చుట్టూ సముద్రం ఉంది. కొన్నేళ్లు బుద్ధిగా పనిచేసిన ఖైదీకి టికెట్టు, అంటే బయట సొంతంగా బతకడానికి అనుమతి పత్రం, ఇచ్చేవారు. దాంతో పొలం చేసుకోవచ్చు, మహిళా ఖైదీని పెళ్లాడి కాపురం పెట్టవచ్చు. వాసం అన్న మాట అక్కడ అక్షరాలా సరిపోతుంది.

సెల్యులార్ జైలు పని 1896లో మొదలై 1906లో ముగిసింది. అంటే అండమాన్‌లో ద్వీపాంతరవాసం మొదలైన దాదాపు అర్ధ శతాబ్దానికి! మధ్య గోపురం నుంచి ఏడు రెక్కలు, ఒక్కొక్కటి మూడంతస్తులు. ఒక రెక్క ముందువైపున మరో రెక్క వీపు ఉంటుంది కాబట్టి ఎదురు వరుసలో ఖైదీ ముఖం కనపడదు. పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు గల గదికి ఒక్కడే మనిషి. గానుగకు ఎద్దు బదులు ఖైదీని కట్టి, రోజుకు 30 పౌన్ల కొబ్బరినూనె తీయమనేవారు. నా లెక్కలో ఇది ద్వీపాంతరవాసం కాదు, దాని లోపల పెట్టిన మరో శిక్ష.

భాషాప్రియులకు ఒక కొసరు. ఖైదీల మీద ఖైదీలనే అధికారులుగా పెట్టేవారు. వాళ్ల హోదాల్లో జమాదారుతో పాటు "టిండాల్" ఒకటి. అది మన శ్రీకాకుళం తీరంలో పడవ నడిపే పెద్దను పిలిచే తండేలే. ఓడల మీది మాట ఖైదీలతో పాటు ఒడ్డుకు దిగింది.

ఇక, ఈనాటి తీర్పుల గురించి రాస్తూ ద్వీపాంతరవాసం అన్న మాట వాడేవాళ్లకు: 1955 నాటి సవరణ చట్టం దీన్ని శిక్షాస్మృతి నుంచి తీసేసి, యావజ్జీవ కారాగారం అని మార్చింది. ఆ సవరణ చేసిన తొలి లోక్‌సభలో విశాఖపట్నం సభ్యుడు గాం మల్లుదొర. అల్లూరి సీతారామరాజు అనుచరుడిగా అండమాన్‌లో శిక్ష అనుభవించి వచ్చినవాడు.