బైపీసీ తర్వాత నేవీలో మెడికల్ అసిస్టెంట్: ఎట్టా చేరాలి, పనేంటి?

కావలి కుర్రోడు:
తమ్ముడికి ఇంటర్ బైపీసీలో 71 శాతం. నీట్‌లో సీటొచ్చే ర్యాంకు రాలేదు. నేవీ ఎస్‌ఎస్‌ఆర్ మెడికల్‌కి (ఇంటర్ పాసైనవాళ్లను నావికులుగా తీసుకునే ఎంట్రీ) వేస్తానంటున్నాడు. చేరితే నేవీనే డాక్టరు చదివిస్తుందని ఎవరో చెప్పారని ఇంట్లో ఆశపడుతున్నారు, నిజమేనా? ఓడ మీద అసలు పనేంటి? చెల్లెలిదీ బైపీసీనే, ఆమెకేమన్నా దారుందా?

లంగరు:
చదివించరు. ఆ సంగతి ఇంట్లో ఇప్పుడే తేల్చేయండి. మెడికల్ అసిస్టెంట్ సెయిలర్ (నావికుడు), డాక్టరు ఆఫీసరు. డాక్టరు కావాలంటే నీట్ స్కోరుతో పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్‌ఎంసీకి పోవాలి, లేదంటే బయట ఎంబీబీఎస్ చేసి షార్ట్ సర్వీస్ కమిషన్‌లో సర్జన్ లెఫ్టినెంట్‌గా చేరాలి.

2025లో వచ్చిన మెడికల్ అసిస్టెంట్ నోటిఫికేషన్ అగ్నివీర్ కింద కాదు, రెగ్యులర్ ఎంట్రీ. పెళ్లికాని మగపిల్లలకే. మొత్తం 50 శాతం ఉంటే చాలదు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో విడివిడిగా కనీసం 40 శాతం రావాలి. 71 చూసి మురవకుండా మెమోలో ఫిజిక్స్ మార్కులు చూసుకోండి, చాలామంది ఆగిపోయేది అక్కడే. కంప్యూటర్ పరీక్ష హిందీ, ఇంగ్లీషుల్లోనే ఉంటుంది, తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. తెలుగు మీడియం వాడైతే బయాలజీ పదాలు ఇంగ్లీషులో ఒకసారి తిరగేయాలి.

పరుగు 1.6 కిలోమీటర్లు, ఆరున్నర నిమిషాలు. 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకి 97 సెకన్లు. మొదటి రౌండు 75లో లాగించి మూడో రౌండులో చతికిలబడేవాళ్లే ఎక్కువ. మైపాడు, కొత్తపట్నం ఇసుకలో పరిగెత్తి టైము చూసుకోవద్దు. ఇసుకలో కాలు దిగబడి టైము ఎక్కువ చూపిస్తుంది, పిక్కలూ పట్టేస్తాయి. వారంలో రెండు రోజులు గట్టినేల మీదే కొలుచుకోండి. 20 గుంజీలు, 15 పుషప్స్, 15 సిటప్స్ కూడా ఉంటాయి కాబట్టి పరుగవ్వగానే అవి చేసే అలవాటు పెట్టుకోవాలి.

మెడికల్‌ పరీక్షకి పోయేముందు చెవిలో గుబిలి తీయించండి, పళ్ల గార క్లీన్ చేయించండి. గుబిలి అడ్డుంటే కర్ణభేరి కనపడదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన పిల్లలైతే పళ్ల డాక్టరుకి ముందే చూపించుకోవడం మేలు, పళ్లకీ పాయింట్లు లెక్కేస్తారు.

సిక్ బే:
పని సంగతి నేను చెప్తా. ట్రైనింగ్ మొదట ఒడిశాలోని నేవీ శిక్షణ కేంద్రం ఐఎన్‌ఎస్ చిల్కా, తర్వాత ముంబైలోని నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ అశ్విని. విశాఖలో కళ్యాణి, కొచ్చిలో సంజీవని నేవీ ఆసుపత్రులే, అక్కడికీ పోస్టింగులుంటాయి.

విక్రాంత్ లాంటి పెద్ద ఓడలో 16 పడకలు, రెండు ఆపరేషన్ థియేటర్లు, సీటీ స్కాన్ ఉన్నాయి. చిన్న ఓడలో డాక్టరే ఉండడు, మెడికల్ అసిస్టెంటే దిక్కు. సూది, కట్టు మాత్రమే అనుకోకండి. తాగునీళ్లలో క్లోరిన్ చూడాలి, గ్యాలీలో (ఓడ వంటగదిలో) వంటవాళ్ల చేతులు, గోళ్లు చూడాలి, వ్యాక్సిన్ ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉందో లేదో రాసిపెట్టాలి. వాంతుల మాత్ర ఓడ కదలకముందే వేయించాలి. వాంతి మొదలయ్యాక వేస్తే అదీ బయటికే వస్తుంది.

ఓడ నిచ్చెనలు నిట్టనిలువుగా, హాచ్‌లు (అంతస్తుల మధ్య దిగే ద్వారాలు) ఇరుగ్గా ఉంటాయి, మామూలు స్ట్రెచర్ దూరదు. రోగిని చుట్టి బిగించే నీల్ రాబర్ట్‌సన్ స్ట్రెచర్ వాడతారు. పట్టీలు వదులైతే నిలబెట్టి లాగేటప్పుడు మనిషి కిందికి జారిపోతాడు. అందుకే డ్రిల్లులో దాన్ని పదేపదే కట్టిస్తారు.

డైవర్ పైకొచ్చాక కీళ్ల నొప్పి అంటే పెయిన్‌కిల్లర్ ఇచ్చి పడుకోబెట్టడం పెద్ద పొరపాటు. అది రక్తంలో, కణజాలంలో నైట్రోజన్ బుడగలు కట్టడం కావచ్చు. వెంటనే 100 శాతం ఆక్సిజన్ పెట్టి, గాలి ఒత్తిడి పెంచి బుడగల్ని కుదించే రీకంప్రెషన్ ఛాంబర్‌కి చేర్చాలి. మామూలుగా 18 మీటర్ల లోతు ఒత్తిడితో మొదలుపెట్టి దాదాపు ఐదు గంటలు నడుపుతారు.

ఉలవపాడు:
చెల్లెలికి మిలిటరీ నర్సింగ్ సర్వీస్ చూడండమ్మా. ఆరు కాలేజీల్లో కలిపి 220 బీఎస్సీ నర్సింగ్ సీట్లు, ముంబై అశ్వినిలోవి 40. నీట్ స్కోరుతో పిలుస్తారు కాబట్టి నీట్ రాయడం మానొద్దు. ఇంటర్ మొదటి అటెంప్ట్‌లోనే పాసవ్వాలి, సప్లీ పడితే కష్టం. చదువవ్వగానే లెఫ్టినెంట్.

కావలి కుర్రోడు:
ఫిజిక్స్ 58 శాతం, గట్టెక్కాం. ఒంగోల్లో ఒకాయన 4 లక్షలిస్తే మెడికల్ పాస్ చేయిస్తానంటున్నాడు...

లంగరు:
ఫోన్ పెట్టేయండి. పాసైతే తన గొప్ప అంటాడు, ఫెయిలైతే కనపడడు. ఫెయిలైనా మిలిటరీ ఆసుపత్రిలో అప్పీల్ మెడికల్ ఉంటుంది, గడువు దాటకుండా దానికి పోతే చాలు.